ప్రశ్న కాకపోయినా హెల్పింగ్ వెర్బ్ ముందుకెందుకు వస్తుంది? ఇంగ్లీషులో వాక్యం ఎప్పుడు తిప్పాలి, ఎప్పుడు తిప్పకూడదు

మీ ప్రశ్నను కుదించి చెప్తే ఇదీ. బ్యాంకు పరీక్షల ప్రాక్టీస్ పేపర్లో ‘నెవర్ ఐ హ్యావ్ సీన్ సచ్ ఎ క్రౌడ్’ తప్పనీ, ‘నెవర్ హ్యావ్ ఐ సీన్ సచ్ ఎ క్రౌడ్’ రైటనీ కీలో ఇచ్చారు. అది ప్రశ్న కాదు కదా, ‘హ్యావ్’ ముందుకెందుకు వచ్చింది? ‘ఓన్లీ’తో మొదలైన రెండు వాక్యాల్లో ఒకదాన్ని తిప్పి, రెండోదాన్ని అలాగే ఎందుకు వదిలేశారు? విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్ రైటింగ్‌లో ఇలాంటి వాక్యాలు రాస్తే మార్కులు పెరుగుతాయా?

సూటిగా జవాబు ముందు చెప్పేస్తాను. వాక్యం మొదట పెట్టిన మాట మొత్తం వాక్యానికి ‘లేదు, కాదు’ అనే అర్థం తెస్తే, మొదటి హెల్పింగ్ వెర్బ్ సబ్జెక్ట్‌ని దాటి దాని ముందుకు వస్తుంది. తిప్పడం అంటే ఇదే. ఆ మాట సబ్జెక్ట్‌లోనే భాగమైతే ఏదీ కదలదు. మీ రెండు ‘ఓన్లీ’ వాక్యాల తేడా కూడా ఇదే. మార్కుల సంగతి చివర్లో చెప్తాను, దాని జవాబు కాస్త నిరాశపరిచేలా ఉంటుంది.

కారణం తెలియాలంటే ఒక్క అడుగు వెనక్కి వెళ్లాలి. ‘రవి సీతను పిలిచాడు’ అన్నా, ‘సీతను రవి పిలిచాడు’ అన్నా పిలిచింది రవే. ‘సీతను’లోని ‘ను’ ఆ పని చూసుకుంటుంది కాబట్టి తెలుగులో మాటలు ముందువెనకలైనా నష్టం లేదు. ఇంగ్లీషులో ఆ ‘ను’ లేదు. ‘రవి కాల్డ్ సీత’ అన్నప్పుడు ఎవరు పిలిచారో చెప్పేది చోటు మాత్రమే. తిరగేస్తే పిలిచింది సీత అయిపోతుంది. అందుకే ఇంగ్లీషు తన వాక్యంలో మాటల్ని కదలనివ్వదు. కదిలించే సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉంటాయి, ప్రతిదానికీ ఓ కారణం ఉంటుంది.

పాత ఇంగ్లీషులో ఇంత బిగింపు లేదు. వాక్యం మొదట ఏ మాట పెట్టినా చాలాసార్లు క్రియ రెండో స్థానంలోకి వచ్చేది. జర్మన్ భాషలో ఇప్పటికీ అంతే. ఇంగ్లీషు ఆ అలవాటును దాదాపుగా వదిలేసుకుంది గానీ ప్రశ్నల దగ్గరా, నెగటివ్ మాటల దగ్గరా, ఇంకో రెండుమూడు చోట్లా అది మిగిలిపోయింది. ‘నెవర్ హ్యావ్ ఐ సీన్’ ఆ మిగిలిపోయిన వాటిలో ఒకటి. కొత్తగా కనిపెట్టిన అలంకారమేమీ కాదు.

తిప్పడం అంటే అసలు ఏం కదులుతుంది?

ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి కాబట్టి నిదానంగా చూద్దాం. మొత్తం క్రియ కదలదు. మొదటి హెల్పింగ్ వెర్బ్ ఒక్కటే కదులుతుంది, మిగతావి ఉన్నచోటే ఉంటాయి.

‘హీ వుడ్ నెవర్ హ్యావ్ అగ్రీడ్’ తీసుకోండి. ఇందులో హెల్పింగ్ వెర్బ్‌లు రెండు: ‘వుడ్’, ‘హ్యావ్’. ‘నెవర్’ని ముందుకు తెస్తే ‘నెవర్ వుడ్ హీ హ్యావ్ అగ్రీడ్’ అవుతుంది. ‘నెవర్ వుడ్ హ్యావ్ హీ అగ్రీడ్’ తప్పు. రెండింటినీ కలిపి మోసుకెళ్లకూడదు.

హెల్పింగ్ వెర్బ్ లేని వాక్యమైతే? ‘హీ రేర్‌లీ కమ్స్ టు ద ఆఫీస్’లో ‘కమ్స్’ ఒక్కటే ఉంది. ప్రశ్న వేసేటప్పుడు ఏం చేస్తామో ఇక్కడా అదే చేయాలి, అంటే ‘డు, డజ్, డిడ్’ తెచ్చుకోవాలి: ‘రేర్‌లీ డజ్ హీ కమ్ టు ద ఆఫీస్’. ‘కమ్స్’లోని ‘స్’ని ‘డజ్’ తీసేసుకుంది, ‘కమ్’ వట్టి వీ1గా, అంటే క్రియ మూలరూపంగా మిగిలింది. పాస్ట్‌లో ‘డిడ్’ వస్తే వీ2 (‘కేమ్’ లాంటి పాస్ట్ రూపం) కూడా వీ1 అయిపోవాలి. ‘రేర్‌లీ డిడ్ హీ కేమ్’ అని రాసేవాళ్లు చాలామంది. కాలాన్ని ఒకేచోట చూపించాలి, రెండుచోట్ల కాదు.

‘ఈజ్, వాజ్, ఆర్, వర్’ మెయిన్ వెర్బ్‌గా ఉన్నా సరే, వాటికి ‘డు’ అక్కర్లేదు, తామే దూకుతాయి: ‘నెవర్ వాజ్ హీ సో యాంగ్రీ’. ‘హ్యావ్’ మాత్రం ‘కలిగి ఉండడం’ అనే అర్థంలో మెయిన్ వెర్బ్ అయినప్పుడు నేటి ఇంగ్లీషులో ‘డు’ని తెచ్చుకుంటుంది: ‘రేర్‌లీ డజ్ షీ హ్యావ్ క్యాష్ ఆన్ హర్’.

ఒక మాట గుర్తుంచుకోండి. నెగటివ్ మాట మధ్యలోనే ఉంటే తిప్పాల్సిన పని లేదు. ‘ఐ హ్యావ్ నెవర్ సీన్ సచ్ ఎ క్రౌడ్’ నూటికి నూరుపాళ్లు మంచి వాక్యం, మాట్లాడేటప్పుడు ఇదే వాడాలి. ‘నెవర్’ని వాక్యం మొదటికి ఎత్తినందుకే ‘హ్యావ్’ కూడా కదలాల్సి వచ్చింది.

‘నెవర్’కీ హెల్పింగ్ వెర్బ్‌కీ మధ్య ఎంత పొడవైన మాట దూరినా లెక్క మారదు. 1940 ఆగస్టు 20న చర్చిల్ బ్రిటన్ పార్లమెంటులో వైమానికుల గురించి అన్న వాక్యం చూడండి: ‘నెవర్ ఇన్ ద ఫీల్డ్ ఆఫ్ హ్యూమన్ కాన్‌ఫ్లిక్ట్ వాజ్ సో మచ్ ఓడ్ బై సో మెనీ టు సో ఫ్యూ’. ‘నెవర్’ తర్వాత ఆరు మాటలు గడిచాక ‘వాజ్’ వచ్చింది, ఆ తర్వాతే సబ్జెక్ట్ ‘సో మచ్’ వచ్చింది. పరీక్షలో మధ్యలోని ఈ పొడుగు మాటలే కళ్లకు గంతలు కడతాయి. వాటిని వేలితో మూసి చదివితే తప్పు ఎక్కడుందో తెలిసిపోతుంది.

తిప్పాలో వద్దో తేల్చడానికి తెలుగు పరీక్ష

గ్రామర్ పుస్తకాల్లో పెద్ద జాబితా ఇస్తారు: నెవర్, రేర్‌లీ, సెల్డమ్, హార్డ్‌లీ, స్కేర్స్‌లీ, లిటిల్, నోవేర్, ఎట్ నో టైమ్, ఇన్ నో వే, ఆన్ నో అకౌంట్, అండర్ నో సర్కమ్‌స్టాన్సెస్, నాట్ అంటిల్, నాట్ ఓన్లీ, ఓన్లీ దెన్, ఓన్లీ ఆఫ్టర్, ఓన్లీ వెన్. దీన్ని బట్టీపట్టడం కన్నా, వాక్యాన్ని ఇంట్లో మాట్లాడుకునే తెలుగులోకి మార్చి చూడడం నయం. తెలుగు క్రియ ‘లేదు, రాడు, కాదు’ అని వ్యతిరేకార్థంలో ముగిసి, ఇంగ్లీషు క్రియ పక్కన మాత్రం ‘నాట్’ కనిపించకపోతే, ఆ ‘లేదు’ మొదటి మాటలో దాగుందన్నమాట. అప్పుడు తిప్పాలి.

‘రేర్‌లీ డజ్ హీ కమ్’: ఎప్పుడో గానీ రాడు.
‘ఓన్లీ దెన్ డిడ్ ఐ అండర్‌స్టాండ్’: అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు.
‘నాట్ అంటిల్ మిడ్‌నైట్ డిడ్ ద పవర్ కమ్ బ్యాక్’: అర్ధరాత్రి దాకా కరెంటు రాలేదు.
‘ఎట్ నో టైమ్ డిడ్ హీ ఆస్క్ ఫర్ మనీ’: ఏనాడూ డబ్బు అడగలేదు.

చూశారా, ‘ఓన్లీ’లో బయటికి ‘నో’ ఏమీ కనిపించదు. కానీ మన ‘గానీ’ పక్కన ‘లేదు’ వచ్చి దాని అసలు రంగు బయటపెడుతుంది. ఇప్పుడు వీటి పక్కన ఇవి పెట్టండి.

‘ఇన్ నో టైమ్ హీ ఫినిష్డ్ ద వర్క్’: చిటికెలో పని ముగించేశాడు.
‘నో డౌట్ షీ విల్ పాస్’: తప్పకుండా పాసవుతుంది.
‘నాట్ లాంగ్ అగో దే సోల్డ్ ద హౌస్’: ఈమధ్యే ఇల్లు అమ్మేశారు.

మూడింటిలోనూ ‘నో’, ‘నాట్’ ఉన్నాయి, కానీ తెలుగు క్రియలో ‘లేదు’ లేదు. పని జరిగింది, లేదా జరుగుతుంది. కాబట్టి తిప్పకూడదు. ‘ఎట్ నో టైమ్’, ‘ఇన్ నో టైమ్’ మధ్య తేడా ఇదే. పేపర్ తయారుచేసేవాళ్లకు ఈ జంట అంటే మహా ఇష్టం.

‘ఇంగ్లీషు క్రియ పక్కన నాట్ కనిపించకపోతే’ అన్న షరతు ఎందుకంటారా? ‘వితౌట్ ఎ టికెట్ యు కెనాట్ ఎంటర్’ చూడండి. తెలుగులో ‘టికెట్ లేకుండా లోపలికి వెళ్లలేరు’ అని వ్యతిరేకార్థమే వస్తుంది. కానీ ఆ ‘లేరు’ ఇంగ్లీషులో ‘కెనాట్’ రూపంలో తన చోట తాను కూర్చునే ఉంది. మొదటి మాటకు ఆ బాధ్యత లేదు, కాబట్టి ఏదీ కదలదు.

ఒకసారి నెగటివ్ మాట ముందుకొచ్చాక మళ్లీ ‘నో, నాట్’ తగిలించకండి. ‘అండర్ నో సర్కమ్‌స్టాన్సెస్ షుడ్ యు టెల్ ఎనీవన్’ అనాలి. ‘టెల్ నో వన్’ అంటే రెండు లేదులై అర్థం తలకిందులవుతుంది.

‘ఓన్లీ’ దగ్గర ఎందుకు తడబడతాం

‘ఓన్లీ రవి నోస్ ద పాస్‌వర్డ్’. ఇక్కడ ‘ఓన్లీ రవి’ అన్నదే సబ్జెక్ట్. దాటడానికి వేరే సబ్జెక్ట్ లేదు, అందుకే వాక్యం కదలలేదు. ‘ఓన్లీ టూ స్టూడెంట్స్ పాస్డ్’ కూడా ఇంతే. అదే ‘ఓన్లీ’ సమయాన్నో, చోటునో, షరతునో పట్టుకుంటే తిప్పాలి: ‘ఓన్లీ ఇన్ ద ఈవెనింగ్ డజ్ ద ట్యాప్ వాటర్ కమ్’.

‘ఓన్లీ ఆఫ్టర్’, ‘ఓన్లీ వెన్’, ‘ఓన్లీ ఇఫ్’, ‘నాట్ అంటిల్’ వచ్చినప్పుడు వాక్యంలో రెండు ముక్కలుంటాయి. తిరిగేది రెండో ముక్క, మొదటిది కాదు. ‘ఓన్లీ ఆఫ్టర్ హీ లెఫ్ట్ డిడ్ ఐ సీ ద లెటర్’. పేపర్లు దిద్దేవాళ్లకు రోజూ కనిపించే తప్పు ‘ఓన్లీ ఆఫ్టర్ డిడ్ హీ లీవ్ ఐ సా ద లెటర్’. ‘ఓన్లీ’ పక్కనే ‘డిడ్’ రావాలనుకుని తొందరపడడం వల్ల వచ్చే తప్పిది. ‘అతను వెళ్లాక’ అన్నది సమయం చెప్పే ముక్క మాత్రమే. ‘గానీ చూడలేదు’ అన్న క్రియ రెండో ముక్కలో ఉంది కాబట్టి కదలిక అక్కడే.

మనకు దగ్గరి ఉదాహరణ: ‘నాట్ అంటిల్ 2014 డిడ్ తెలంగాణ బికమ్ ఎ సెపరేట్ స్టేట్’. ఇదే సంగతిని ‘ఇట్ వాజ్ నాట్ అంటిల్ 2014 దట్ తెలంగాణ బికేమ్ ఎ సెపరేట్ స్టేట్’ అని కూడా చెప్పొచ్చు, కానీ అప్పుడు తిప్పకూడదు. ముందు ‘ఇట్ వాజ్’ వచ్చేసింది కాబట్టి ‘నాట్ అంటిల్’ ఇక వాక్యం మొదట లేదు. ‘దట్ డిడ్ తెలంగాణ’ అని రాస్తే రెండు పద్ధతుల్నీ కలగలిపినట్టు. ‘2014’ ముందు ‘నాట్ అంటిల్’ గానీ ‘ఓన్లీ’ గానీ లేకుండా వట్టి ‘ఇన్ 2014’ అంటే మామూలు వాక్యమే.

‘ఓన్లీ ఇఫ్’నీ, ‘ఇఫ్ ఓన్లీ’నీ కలపకండి. ‘ఇఫ్ ఓన్లీ ఐ హ్యాడ్ స్టడీడ్’ అంటే ‘చదివుంటే ఎంత బాగుండేది’ అని. అందులో ఏదీ తిరగదు.

నో సూనర్, హార్డ్‌లీ, స్కేర్స్‌లీ

తెలుగులో దీనికి చక్కటి మాట ఉంది: ‘మేం స్టేషన్‌కి చేరామో లేదో రైలు కదిలింది’. ఆ ‘లేదో’ గుర్తుంటే తిప్పాలన్నది మర్చిపోరు. ‘నో సూనర్ హ్యాడ్ వి రీచ్డ్ ద స్టేషన్ దాన్ ద ట్రైన్ లెఫ్ట్’.

ఇందులో తప్పు జరగడానికి నాలుగు చోట్లున్నాయి. మొదటిది జత: ‘నో సూనర్’కి ‘దాన్’, ‘హార్డ్‌లీ’కీ ‘స్కేర్స్‌లీ’కీ ‘వెన్’. ‘సూనర్’ కంపారిటివ్ డిగ్రీ, ‘బెటర్ దాన్’ అన్నట్టే ‘సూనర్ దాన్’. ఇది తెలిస్తే జత తప్పదు. రెండోది క్రియ రూపం: ‘హ్యాడ్’ వస్తే వీ3 (‘సీన్’, ‘రంగ్’ లాంటి మూడో రూపం), ‘డిడ్’ వస్తే వీ1. ‘నో సూనర్ డిడ్ ద బెల్ రింగ్’ రైటు, ‘నో సూనర్ హ్యాడ్ ద బెల్ రంగ్’ రైటు, ‘నో సూనర్ డిడ్ ద బెల్ ర్యాంగ్’ తప్పు. మూడోది రెండో ముక్క: అక్కడ వట్టి వీ2 చాలు, ‘దాన్ ద ట్రైన్ హ్యాడ్ లెఫ్ట్’ అక్కర్లేదు, ‘దాన్ డిడ్ ద ట్రైన్ లీవ్’ అసలే కాదు. తిప్పేది మొదటి ముక్కనే. ‘ఓన్లీ ఆఫ్టర్’కి ఇది సరిగ్గా ఎదురు, అందుకే ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని సాధన చేయండి. నాలుగోది పాసివ్ వాక్యం: ‘గేట్లు తెరిచారో లేదో’ అన్నప్పుడు ‘నో సూనర్ వర్ ద గేట్స్ ఓపెన్డ్ దాన్ ద క్రౌడ్ రష్డ్ ఇన్’. ఇక్కడ ‘వర్’ హెల్పింగ్ వెర్బ్‌గా సిద్ధంగా ఉంది, మళ్లీ ‘డిడ్’ తెస్తే వాక్యం విరిగిపోతుంది.

మాట్లాడేటప్పుడు మాత్రం ‘యాజ్ సూన్ యాజ్’ వాడండి. ఆఫీసులో ఎవరైనా ‘నో సూనర్ హ్యాడ్ ఐ’ అని మొదలుపెడితే ఎదుటివాళ్లు ఉపన్యాసం అనుకుంటారు.

‘ఇఫ్’ తీసేసి తిప్పడం

దీనికి మూడే హెల్పింగ్ వెర్బ్‌లు పనికొస్తాయి: హ్యాడ్, వర్, షుడ్. ‘ఇఫ్ ఐ హ్యాడ్ నోన్’ బదులు ‘హ్యాడ్ ఐ నోన్’. ‘ఇఫ్ ఐ వర్ యు’ బదులు ‘వర్ ఐ యు’. ‘ఇఫ్ యు షుడ్ నీడ్ హెల్ప్’ బదులు ‘షుడ్ యు నీడ్ హెల్ప్’. చివరిది బ్యాంకులు, హోటళ్లు పంపే మెయిళ్లలో బాగా కనిపిస్తుంది. ‘షుడ్’ తర్వాత వీ1 మాత్రమే, ‘షుడ్ హీ కమ్స్’ తప్పు.

నెగటివ్‌లో కుదించకూడదు. ‘హ్యాడ్ హీ నాట్ హెల్ప్డ్ మి, ఐ వుడ్ హ్యావ్ ఫెయిల్డ్’ అనాలి. ‘హ్యాడెంట్ హీ హెల్ప్డ్ మి’ అంటే అది ‘ఆయన నాకు సాయం చేయలేదా?’ అన్న ప్రశ్నలా వినిపిస్తుంది. రెండో ముక్కను కూడా తిప్పితే అదీ ప్రశ్నే అవుతుంది. ‘హ్యాడ్ ఐ నోన్, వుడ్ ఐ హ్యావ్ కమ్?’ అంటే ‘తెలిసుంటే వచ్చేవాణ్ణా?’ అని అడగడం. మీరు చెప్పదలచుకున్నది ‘వచ్చేవాణ్ణి’ అయితే ‘ఐ వుడ్ హ్యావ్ కమ్’ అని నేరుగా రాయాలి.

‘నేనూ అంతే’ అనే ‘సో, నైదర్’ గురించి రెండే ముక్కలు. ‘ఐ యామ్ టైర్డ్’ అంటే ‘సో యామ్ ఐ’. ‘ఐ వర్క్ ఇన్ పుణె’ అంటే ‘సో డు ఐ’. ‘ఐ కాంట్ స్విమ్’ అంటే ‘నైదర్ కెన్ ఐ’, ‘నైదర్ కాంట్ ఐ’ కాదు. ఎదుటివాళ్ల వాక్యంలోని హెల్పింగ్ వెర్బ్‌నే తీసుకోండి, చాలు. ‘సో ఐ యామ్’ అని తిప్పకుండా అంటే ‘అవును, నిజమే, నేను అలాగే ఉన్నాను’ అనే వేరే అర్థం వస్తుంది.

మెయిన్ వెర్బే దూకే రకం

‘హియర్ కమ్స్ ద బస్’, ‘ఆన్ ద వాల్ హంగ్ ఎన్ ఓల్డ్ ఫొటో’. ఇది పైవాటికి పూర్తిగా వేరే జాతి. ఇక్కడ ‘లేదు’ ఏమీ లేదు. చోటు చెప్పే మాట ముందుకొస్తుంది, మెయిన్ వెర్బే సబ్జెక్ట్‌కి ముందుకెళ్తుంది, ‘డు, డజ్, డిడ్’ అస్సలు రావు. ‘ఆన్ ద వాల్ డిడ్ హ్యాంగ్’ అని ఎవరూ అనరు.

దీనికి షరతులు మూడు. సబ్జెక్ట్ ‘హీ, షీ, ఇట్, దే’ లాంటి సర్వనామమైతే తిప్పకూడదు: ‘హియర్ కమ్స్ ద బస్’ కానీ ‘హియర్ ఇట్ కమ్స్’. క్రియ రావడం, పోవడం, ఉండడం, నిలబడడం లాంటిదై ఉండాలి. ఆబ్జెక్ట్ ఉన్న క్రియ పనికిరాదు. ‘ఇన్ ద గార్డెన్ ప్లాంటెడ్ రవి ఎ ట్రీ’ తప్పు. మూడోది, క్రియ తన వెనకాల వచ్చే సబ్జెక్ట్‌తో వచనంలో కలవాలి. ‘అమంగ్ ద ప్యాసింజర్స్ వాజ్ ఎ డాక్టర్’, ‘అమంగ్ ద ప్యాసింజర్స్ వర్ టూ డాక్టర్స్’. ఎర్రర్ పట్టుకునే ప్రశ్నల్లో ‘ప్యాసింజర్స్’ పక్కనే ఉందని ‘వర్ ఎ డాక్టర్’ అని ఇస్తారు, చూసుకోండి. ఆఫీసు మెయిల్‌లో రోజూ పనికొచ్చేది కూడా ఇదే పోలిక: ‘అటాచ్డ్ ఈజ్ ద ఫైల్’, ‘అటాచ్డ్ ఆర్ ద ఫైల్స్’.

తిప్పకూడని చోట తిప్పడం

నిజం చెప్పాలంటే, మనవాళ్లకు ‘నెవర్ హ్యావ్ ఐ’ కన్నా ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడ. ‘ఐ డోంట్ నో వేర్ ఈజ్ హీ’, ‘కెన్ యు టెల్ మి వేర్ ఈజ్ ద బస్ స్టాండ్’. రెండూ తప్పే. ప్రశ్న ఇంకో వాక్యం కడుపులోకి వెళ్లిపోతే దాని తిప్పు పోతుంది: ‘వేర్ హీ ఈజ్’, ‘వేర్ ద బస్ స్టాండ్ ఈజ్’.

ఇక్కడా తెలుగే దారి చూపిస్తుంది. ‘బస్టాండ్ ఎక్కడుందో చెప్తారా?’ అన్న వాక్యంలో క్రియలు రెండు. ‘ఉందో’ చివర ‘ఓ’ ఉంది, ‘చెప్తారా’ చివర ‘ఆ’ ఉంది. ‘ఓ’ ఉన్న క్రియను తిప్పకూడదు, ‘ఆ’ ఉన్నదాన్ని తిప్పాలి. అందుకే ‘కెన్ యు’ తిరిగింది, ‘ద బస్ స్టాండ్ ఈజ్’ తిరగలేదు. ‘వస్తాడో రాడో తెలియదు’ అంటే ‘ఐ డోంట్ నో వెదర్ హీ విల్ కమ్’. (‘చేరామో లేదో’లోని ‘ఓ’ వేరు. అక్కడ తెలియకపోవడం లేదు, తొందర ఉంది. ఈ సూత్రం దానికి పెట్టకండి.)

‘డిడ్’ ఉన్న ప్రశ్న లోపలికి వెళ్తే ‘డిడ్’ మాయమై వీ1 మళ్లీ వీ2 అవుతుంది. ‘వాట్ డిడ్ హీ సే?’ కాస్తా ‘డు యు నో వాట్ హీ సెడ్?’ అవుతుంది. ‘డు యు థింక్’ మధ్యలో వచ్చినా అంతే: ‘వేర్ డు యు థింక్ హీ ఈజ్?’ తిప్పు ‘డు యు’ దగ్గరే అయిపోయింది, రెండోసారి అక్కర్లేదు.

దీనికి ఎదురు తప్పు నేరు ప్రశ్నలో జరుగుతుంది: ‘వై యు ఆర్ లేట్?’, ‘వాట్ యు ఆర్ డూయింగ్?’ తెలుగులో ప్రశ్న కోసం ఏ మాటా చోటు మారదు. ‘ఎందుకు’ చేరుస్తాం, లేదా క్రియ చివర ‘ఆ’ పెడతాం. ఆ అలవాటే ఇంగ్లీషులోకి వచ్చేస్తుంది.

‘హూ’ ప్రశ్నల్లో ‘డిడ్’ కావాలో వద్దో తేల్చడానికి విభక్తి చూడండి. ‘నిన్ను ఎవరు పిలిచారు?’లో ‘ఎవరు’ కర్త: ‘హూ కాల్డ్ యు?’ ‘నువ్వు ఎవర్ని పిలిచావు?’లో ‘ని’ ఉంది: ‘హూ డిడ్ యు కాల్?’ ఎవర్ని, ఎవరితో, ఎవరి గురించి అని వస్తే ‘డిడ్’, వట్టి ‘ఎవరు’ అయితే ఏదీ వద్దు.

మార్కులు, వాడకం

ఐఈఎల్‌టీఎస్ రైటింగ్‌కి నాలుగు కొలమానాలు, నాలుగింటికీ సమాన వెయిటేజీ. వాటిలో గ్రామర్ ఒకటి. అందులో వైవిధ్యాన్నీ చూస్తారు, తప్పులు లేకపోవడాన్నీ చూస్తారు. కాబట్టి తిప్పిన వాక్యానికి విడిగా బోనస్ మార్కులేమీ ఉండవు. టాస్క్ 2లో, అంటే వ్యాసంలో, కనీసం 250 మాటలు రాయాలి. అంతలో ఒకటి, మహా అయితే రెండు చాలు, అదీ నొక్కి చెప్పాల్సిన చోట. ‘నాట్ ఓన్లీ డజ్ దిస్ రెడ్యూస్ ట్రాఫిక్, బట్ ఇట్ ఆల్సో సేవ్స్ ఫ్యూయల్’ లాంటిది ఒకటి బట్టీ కాకుండా మీ విషయానికి తగ్గట్టు రాయగలిగితే మంచిదే. రెండో ముక్క ‘బట్ ఇట్ ఆల్సో’ అని మామూలుగానే ఉందని గమనించండి. ప్రతి పేరాలో ఇలాంటివి కుక్కితే కోచింగ్ సెంటర్ వాసన కొడుతుంది. విరిగిన తిప్పుడు వాక్యం కన్నా నిలబడ్డ మామూలు వాక్యం ఎప్పుడూ మేలు. స్పీకింగ్‌లో ‘సో డు ఐ’, ‘నైదర్ డు ఐ’ తప్ప మిగతావి వదిలేయండి.

సాధనకు కొత్త వాక్యాలు వెతకనక్కర్లేదు. మీరే రాసిన మామూలు వాక్యం తీసుకోండి: ‘ఐ రియలైజ్డ్ మై మిస్టేక్ ఓన్లీ ఆఫ్టర్ ద ఎగ్జామ్’. ముందుకు తీసుకెళ్లే మాట కింద గీత గీయండి. మిగిలిన ముక్కను ముందు ప్రశ్నగా మార్చండి: ‘డిడ్ ఐ రియలైజ్ మై మిస్టేక్’. ఇప్పుడు గీత గీసిన మాటను దాని ముందు అతికించి ప్రశ్నార్థకం తీసేయండి: ‘ఓన్లీ ఆఫ్టర్ ద ఎగ్జామ్ డిడ్ ఐ రియలైజ్ మై మిస్టేక్’. ప్రశ్న వేయడం వచ్చినవాళ్లకు ఇది వచ్చినట్టే. రానివాళ్లు ముందు ప్రశ్నలు నేర్చుకుని మళ్లీ ఇక్కడికి రావడం మంచిది. ముందుకొచ్చిన మాటకీ హెల్పింగ్ వెర్బ్‌కీ మధ్య కామా పెట్టకండి. ‘నెవర్, హ్యావ్ ఐ’ అని రాస్తే దాని బలం పోతుంది.

పరీక్షలో ‘నో ఎర్రర్’ అన్న ఆప్షన్ కూడా ఉంటుందని మర్చిపోవద్దు. ఈ పాఠం నేర్చుకున్న కొత్తలో వాక్యం మొదట ‘హార్డ్‌లీ’, ‘నాట్’ కనిపించగానే తప్పుందని టిక్ పెట్టేస్తారు. ‘హార్డ్‌లీ ఎనీవన్ కేమ్’లో తప్పేమీ లేదు, ‘హార్డ్‌లీ ఎనీవన్’ మొత్తం సబ్జెక్ట్. ‘నాట్ ఎ సింగిల్ స్టూడెంట్ పాస్డ్’ కూడా అంతే. కానీ ‘నాట్ ఎ సింగిల్ వర్డ్ హీ స్పోక్’ తప్పు. అక్కడ మాట్లాడింది అతను, ‘వర్డ్’ ఆబ్జెక్ట్. అందుకే అది ‘నాట్ ఎ సింగిల్ వర్డ్ డిడ్ హీ స్పీక్’ అవుతుంది.